రెండు పూటల సగటు

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డులో. అక్కడ బాక్టీరియాను పెంచి, బొగ్గుపొడిలో కలిపి, పావుకిలో పాకెట్లలో నింపి రైతులకు అమ్మేవాళ్లం. బొగ్గుపొడి పులుపు విరగడానికి పిడుగురాళ్ల నుంచి తెప్పించిన సున్నపురాయి పొడి కాస్త కలిపేవాళ్లం. ఎనభైల చివరి రోజులవి. వరసగా రెండేళ్లు పత్తికి తెల్లదోమ తగిలి మా వైపు రైతులు విసిగిపోయి ఉన్నారు. పత్తికి బదులు సోయా చిక్కుడు వేయమని ఊరూరా చెబుతున్నారు.

సోయా మా నేలకు కొత్త. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే బాక్టీరియా ఒకటి ఆ మొక్క వేళ్లలో ఉండాలి. ఆ పంటే ఎరగని మా నల్లరేగడిలో ఆ బాక్టీరియా లేదు. అందుకని విత్తనానికే పట్టించి పంపాలి. బెల్లం నీళ్లలో మా పాకెట్టు పొడి కలిపి, విత్తనానికి పూసి, నీడన ఆరబెట్టి విత్తితే మూడు వారాలకు వేళ్ల మీద జొన్నగింజంత బుడిపెలు కడతాయి. యూరియా వేయక్కర్లేదు. పాకెట్లో బాక్టీరియా చచ్చిపోయి ఉంటే మాత్రం బుడిపెలు రావు. నెల తిరిగేసరికి చేను పసుపెక్కుతుంది.

పాకెట్లో ఎన్ని కణాలు బతికున్నాయో చెప్పడమే నా పని. గ్రాము పొడి తీసుకుని నీళ్లలో పదింతలు, వందింతలు, లక్షింతలు పలచన చేసి, బాక్టీరియాకు మేతగా అగరు అనే గంజి పోసిన గాజు ప్లేటు మీద పరుస్తాను. బతికున్న ఒక్కో కణం పెరిగి ఒక్కో చుక్క అవుతుంది. చుక్కలు లెక్కపెట్టి, ఎన్నింతలు పలచన చేశానో దానితో హెచ్చిస్తే గ్రాములో ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. గ్రాముకు కోటి కణాలకు తగ్గకూడదు. చిక్కల్లా ఒకటే. సోయా బాక్టీరియా చాలా మెల్లగా పెరుగుతుంది. చుక్కలు కంటికి కనపడడానికి ఎనిమిది రోజులు కావాలి.

ఏప్రిల్ నెలలో పాకెట్లు నింపిన రోజున గ్రాముకు వంద కోట్లు ఉన్నాయి. మే మొదట్లో మా ఆటోక్లేవు కాయిలు కాలిపోయింది. అగరును ఆవిరిలో ఉడికించి శుభ్రం చేసే యంత్రం అది. అది లేకపోతే ప్లేట్లు లేవు, లెక్క లేదు. కొత్త కాయిలు గుంటూరులో దొరకలేదు. మా మెకానిక్కు, మేమందరం భాయ్ అని పిలిచే యాభై ఏళ్ల మనిషి, దాన్ని మూడు సార్లు చుట్టాడు. మూడు సార్లూ కాలిపోయింది. పాకెట్లేమో గోడౌనులో, అట్టపెట్టెల్లో, రేకుల దాకా పేర్చి ఉన్నాయి.

లెక్కపెట్టడానికి వీల్లేదు కాబట్టి లెక్క కట్టాను.

నా దగ్గర చలికాలంలో చేసిన కొలతలు ఉన్నాయి. అప్పటి పాకెట్లను ఫ్రిజ్‌లోను, గదిలోను, ముప్పై ఏడు డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లోను పెట్టి పది రోజులకొకసారి లెక్కపెట్టినవి. బతికున్న కణాల లాగరిథమ్ తీసి గ్రాఫు కాగితం మీద గుర్తులు పెడితే మూడూ మూడు తిన్నని గీతలుగా వచ్చాయి. వేడి పెరిగేకొద్దీ గీత నిటారుగా కిందికి దిగుతోంది. ఆ మూడు గీతల నుంచి ఏ వేడికి రోజుకు ఎంత వంతు చస్తుందో ఒక సూత్రం రాశాను. నిన్న మిగిలినవాటిని ఇవాళ మిగిలే వంతుతో హెచ్చిస్తే ఇవాళ్టి లెక్క. రేపటిది మళ్లీ దాని మీద. అరవై రోజులకు అరవై వరసలు. క్లాసులో మా సారు బోర్డు మీద ఇలాంటివి రాస్తున్నప్పుడు కిటికీలోంచి బయటికి చూసిన మనిషిని. ఇప్పుడు నా చేత్తో నేనే ఒకటి తయారు చేసుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేమిటి, చాలా గర్వంగా ఉండేది.

పాకెట్లు పేర్చిన రోజునే గోడౌను తలుపు పక్కన గోడకు థర్మామీటరు తగిలించాను. పొద్దున తొమ్మిదికి వచ్చినప్పుడు ఒకసారి, సాయంత్రం ఆరింటికి వెళ్లేటప్పుడు ఒకసారి చూసి, రెండూ కలిపి సగం చేసి ఆ రోజు వరసలో వేసేదాన్ని.

ఒకసారి భాయ్ అడిగాడు. "మధ్యాన్నం ఎప్పుడన్నా ఆ షెడ్డులోకి పోయి నిలబడ్డావా అమ్మా? ఊపిరాడదు."

"సగటు తీసుకుంటున్నాను భాయ్. ఎక్కువా తక్కువా అందులో కలిసిపోతాయి" అన్నాను.

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మా ఊరు శావల్యాపురం వైపు. నేను పేటలో గది తీసుకుని ఉండేదాన్ని, ఆదివారాలు ఇంటికి పోయేదాన్ని. మా నాన్నకు నా ఉద్యోగమంటే మహా గొప్ప. ఊళ్లో ఎవరు కనపడినా "మా అమ్మాయి తయారుచేసే మందు" అని చెప్పేవాడు. మందు కాదు నాన్నా, బతికున్న కణాలు అంటే, "ఏదోలే, పని చేసిద్దిగా" అనేవాడు. ఆయన మాట మీద మాతో కలిపి పదకొండు ఇళ్లవాళ్లు ఆ ఏడు పత్తి మాని సోయా పెట్టడానికి ఒప్పుకున్నారు. మొత్తం ముప్పై ఎకరాలు. మా వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దమ్మ కూడా. చుట్టరికం లేదు, వరసకు పెద్దమ్మ. ఆమెకున్నది ఆ రెండెకరాలే.

జూన్ రెండో వారంలో భాయ్ నాలుగోసారి చుట్టిన కాయిలు నిలబడింది. ఆ రోజే ప్లేట్లు పోశాను. మర్నాడు సాయంత్రం వాన పడింది. నరసరావుపేట రోడ్లు కాలవలయ్యాయి. ఆ మరుసటి రోజు పొద్దున్నే మా నాన్న మొదటి బస్సుకు వచ్చి ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

"నిండు పదునయ్యిందమ్మా. అందరూ గొర్రులు కట్టుకుని కూర్చున్నారు. ఎయ్యమంటావా?"

"ప్లేట్లు మొన్ననే పోశాను నాన్నా. ఇంకో ఆరు రోజులు ఆగితే ఖాయంగా చెబుతాను."

"ఆరు రోజులకు నేల రాయి అయిద్ది. మళ్లీ వాన ఎప్పుడో ఏందో. నీ పుస్తకంలో ఏముందో చెప్పు."

నా పుస్తకంలో అరవయ్యో వరసలో మూడు కోట్లు అని ఉంది. కావలసింది కోటి. మూడు రెట్లు ఎక్కువే ఉంది గదా అనుకున్నాను. ఒక్క నిమిషం తటపటాయించాను. ఆ నిమిషం నాకింకా గుర్తుంది. మా నాన్న గుమ్మంలోనే నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. ల్యాబులోకి బురద కాళ్లతో రాకూడదని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనే రాలేదు.

"వెయ్యండి నాన్నా" అన్నాను. "యూరియా కూడా అక్కర్లేదు."

రెండు రోజుల్లో ముప్పై ఎకరాలూ విత్తేశారు.

ఎనిమిదో రోజున ప్లేట్లు తీశాను. బాగా పలచన చేసినవి ముందు చూశాను, ఏమీ లేదు. తర్వాతి వరస చూశాను. గాజు అవతల నా వేళ్లు కనపడుతున్నాయి. ఒక్కో వరసా చూసుకుంటూ చివరికి పదింతలు మాత్రమే పలచన చేసిన ప్లేటు దగ్గరికి వచ్చాను. దాని మీద ముప్పై, నలభై చుక్కలున్నాయి. అంటే గ్రాముకు కోట్లు కాదు, లక్షలు కాదు, వందలు. వంద కోట్ల కణాల్లో వందలు మిగిలాయి. అందులో సగం సోయావేనని కూడా నమ్మకం లేదు.

ప్లేట్లన్నీ బల్ల మీద మళ్లీ వరసగా పేర్చాను. అగరు మరీ వేడిగా ఉన్నప్పుడు పోశానేమో, కొలిచే గొట్టాల్లో సబ్బు మిగిలిందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏ తప్పైనా ఒప్పుకోడానికి సిద్ధంగా ఉన్నాను, నా లెక్క ఒక్కటి తప్ప.

మా ఓనరు కూడా నాలాగే అన్నాడు. ఆయన పెద్ద రైతు, పార్టీ మనిషి, మాట కటువుగా ఉన్నా చెడ్డవాడు కాదు. "మళ్లీ పొయ్యమ్మా. ఒక్క ప్లేటు చూసి కంగారు పడితే ఎట్టా?"

"సార్, పాకెట్లు కొన్న ఊళ్లన్నిటికీ కబురు చెయ్యాలి సార్. యూరియా వేసుకోమని."

"మళ్లీ పోసి చూడు ముందు" అన్నాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

మళ్లీ పోశాను. మళ్లీ ఎనిమిది రోజులు.

ఆ ఎనిమిది రోజులు ఊరికే కూర్చోలేకపోయాను. థర్మామీటరు గోడ మీద నుంచి తీసి, భాయ్‌ని బతిమాలి, పెట్టెల దొంతర పైన, రేకుల కింద పెట్టించాను. ఆయన నిచ్చెన వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ ఎక్కి చూసి, వేడి ఎంతుందో కాగితం ముక్క మీద రాసి తెచ్చేవాడు. చొక్కా పిండితే నీళ్లు కారేటట్టు తడిసిపోయేది. జూన్ నెలాఖరులో, వాన పడ్డాక కూడా, మధ్యాహ్నం రెండింటికి అక్కడ నలభై ఏడు. మే నెలలో ఎంత ఉండి ఉంటుందో!

ఇన్‌క్యుబేటరును నలభై ఏడుకు తిప్పి, ఫ్రిజ్‌లో మిగిలిన నాలుగు పాకెట్లలో ఒకటి అందులో పెట్టి, రోజూ కొంచెం తీసి ప్లేట్లు పోశాను. ఆ ప్లేట్లు కూడా పెరిగాక చూస్తే, గోడౌనులో అట్లాంటి నాలుగైదు గంటలకు చచ్చినన్ని కణాలు మామూలు వేడిలో వారం రోజులకు కూడా చావవని తేలింది. తొమ్మిదింటి వేడి, ఆరింటి వేడి కలిపి సగం చేస్తే ఆ నాలుగైదు గంటలు ఎక్కడా కనపడవు. కణాలు సగటు వేడికి చావవు. మధ్యాహ్నం చస్తాయి. ఎక్కువా తక్కువా కలిసిపోతాయని భాయ్‌తో అన్నాను గదా, కలవవు. మధ్యాహ్నం చచ్చినవి పొద్దున చల్లబడ్డాక లేచి రావు.

రోజుకొకటి వేసిన వరసలు కొట్టేసి గంటకొకటి వేశాను. అరవై రోజులకు పద్నాలుగు వందల నలభై వరసలు. ఒక మామూలు కాలిక్యులేటరు, దాని బ్యాటరీ అయిపోతే లాగరిథమ్ పట్టికల పుస్తకం. గుంటూరులో కంప్యూటరు ఉందని విన్నాను గానీ నాలాంటివాళ్లను దాని దగ్గరికి ఎవరు రానిస్తారు? మే నెల గంటల వేడి నా దగ్గర లేదు. జూన్‌లో భాయ్ రాసిన తీరు చూసి, పేపర్లో వేసిన గరిష్ఠ ఉష్ణోగ్రతలు పట్టుకుని ఊహించాను. ఆఖరి వరస మూడు వందల అరవై దగ్గర ఆగింది. రెండోసారి పోసిన ప్లేట్లు కూడా అప్పటికి వచ్చాయి. వాటి మీద కూడా అంతే. లెక్క, ప్లేటు ఒకదానికొకటి సరిపోయాయి. అట్లా సరిపోతే ఎగిరి గంతెయ్యాలి. నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మొదటి ప్లేట్లు చూసిన రోజునే ఊరికి పోయి మా నాన్నకు చెప్పాను. ఆయన చేలో ఉన్నాడు. వరసలు వరసలుగా మొలకలు, లేతగా, పచ్చగా. చూస్తే ఏ లోపమూ లేదు.

"పైరు బాగానే ఉందిగా" అన్నాడు.

"గింజలో ఉన్న సత్తువతో పెరుగుతోంది నాన్నా. అది అయిపోయాక తెలుస్తుంది."

"మళ్లీ పోశానన్నావుగా, అయ్యి రానీ. అప్పుడు చెప్దాం. ఇప్పుడే ఎవరికీ ఏం చెప్పమాక."

నేను సరేనన్నాను. మొదటిది లెక్కలో తప్పు. ఇది మాత్రం తెలిసి చేసింది. ఆ ఎనిమిది రోజుల్లో చెప్పి ఉంటే నేల తడిగా ఉండగానే సొసైటీలో ఉన్న యూరియా తెచ్చి వేసుకునేవాళ్లు.

రెండోసారి ప్లేట్లు కూడా అట్లాగే వచ్చాక మా నాన్నే పదకొండు ఇళ్లవాళ్లనూ మా అరుగు దగ్గరికి పిలిచాడు. పెద్దమ్మ చేలోంచి ఒక మొక్క మట్టితో సహా తవ్వుకొచ్చి, బకెట్లో కడిగి చూపించాను. వేరు తెల్లగా, నున్నగా ఉంది. ఒక్క బుడిపె లేదు. లెక్క ఎట్లా తప్పిందో చెప్పాను.

ఎవరూ తిట్టలేదు. ఒకాయన మాత్రం, "ఇప్పుడేం జెయ్యాలో అది చెప్పు" అన్నాడు. యూరియా వెయ్యాలన్నాను. "సొసైటీలో మొన్న అయిపోయింది. కాలవ కింద ఊళ్లవాళ్లు నాట్లకని మొత్తం ఎత్తకపోయారు. మళ్లీ ఎప్పుడొచ్చిద్దో" అన్నాడు ఇంకొకాయన. అందరూ లేచి వెళ్లారు. పెద్దమ్మ మాత్రం బకెట్టు దగ్గరే కూర్చుని ఆ వేరు చేతిలో తిప్పి తిప్పి చూసింది.

"ఏమే, నువ్వు ఎయ్యమంటేనే గదంటే నేను ఏసింది. మీ నాయన చెప్పాడని కాదు. చదూకున్న పిల్లవు, నువ్వు చెప్పావని."

"తప్పయింది పెద్దమ్మా."

"చానా తప్పే" అంది. వేరు బకెట్లో వేసి లేచింది.

ఒక దారి ఉందని నాకు తెలుసు. తాజా బాక్టీరియాను ద్రవంలో పెంచి, నీళ్లలో కలిపి మొక్క మొదట్లో పోస్తే, పూత రాకముందు, నేల తడిగా ఉంటే, ఆలస్యంగానైనా కొన్ని బుడిపెలు కట్టవచ్చు. పేటకు తిరిగొచ్చే బస్సులోనే లెక్క వేశాను. ఈసారి పెరిగే లెక్క. ఒక కణం రెండు కావడానికి పది గంటలు. కుదుపుతూ పెంచే షేకరు ఒక్కటే ఉంది. దానిలో అరలీటరు ఫ్లాస్కులు నాలుగు పడతాయి. అవి చిక్కబడడానికి ఏడు రోజులు. కరెంటు పోయి షేకరు ఆగితే ఇంకా ఆలస్యం. పూత రావడానికి మిగిలింది పదహారు రోజులు. రెండు విడతలు, నాలుగు లీటర్లు. ఎకరానికి రెండు లీటర్లు కావాలి. మార్చి మార్చి చేశాను. బస్సు దిగేదాకా చేస్తూనే ఉన్నాను. ఎట్లా చేసినా రెండెకరాలే వచ్చింది. ఎకరానికి లీటరుతో సరిపెడితే నాలుగు వచ్చేది గానీ, అట్లా చేస్తే ఎవరికీ చాలక మళ్లీ మొత్తం పోతుంది. మళ్లీ నా లెక్కను సాగదీసే ధైర్యం లేదు.

ముప్పై ఎకరాల్లో రెండెకరాలు. మా నాన్నకు చెప్పినప్పుడు ఆయన ఆలోచించలేదు. "మనది వొదిలెయ్. ఆమెకు పొయ్యి" అన్నాడు.

భాయ్ ఆ రెండు వారాలూ ఇంటికి భోజనానికి కూడా పోలేదు. కరెంటు పోగానే షేకరు బెల్టు తీసి చేత్తో తిప్పేవాడు. నేను తిప్పేదాన్ని. ఓనరు చూసి పోయేవాడు. ఒకరోజు మాత్రం తలుపు దగ్గర నిలబడి, "మిగతా ఊళ్లవాళ్లకు నేనే చెబుతాలే, నువ్వు ఉత్తరాలవీ రాయమాక" అన్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. పాకెట్లు మాచర్ల దాకా పోయాయి. నేను ఉత్తరాలు రాయలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

ఫ్లాస్కులను తడిగుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లాను. నేనూ, మా నాన్నా, పెద్దమ్మా చెంబులతో వరస వరసకూ పోసుకుంటూ పోయాం. మొదటిసారి పోసినప్పుడు మబ్బు పట్టి ఉంది, సాయంత్రానికి చినుకులు పడ్డాయి. రెండోసారి పోసినప్పుడు నేల బీటలిచ్చింది. పోసిన నీళ్లు బీటల్లోకి పోతుంటే ఆ ఎండలో ఎన్ని కణాలు ఎంతసేపు ఉంటాయో మనసులో లెక్క నడుస్తూనే ఉంది. ఆపడం నా చేతకాలేదు.

ఆ తర్వాత నెల రోజులు వాన లేదు. ముప్పై ఎకరాలూ ముదురు ఆకు నుంచి మొదలుపెట్టి పసుపెక్కాయి. రోడ్డు మీద నుంచి బస్సులో పోతూ చూస్తే మా ఊరి చేలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో రంగుతో తెలిసేది. యూరియా వచ్చాక వేశారు గానీ కరగడానికి తడి లేదు. ఏడిళ్లవాళ్లు పైరు కోసి గొడ్లకు వేసి, అక్టోబరు వానలకు శనగ పెట్టుకున్నారు. మేము కూడా అంతే. పెద్దమ్మ చేలో మాత్రం చినుకులు పడిన రోజు పోసిన ఎకరం పచ్చబడింది. వేళ్లు తవ్వి చూస్తే మొక్కకు నాలుగు, ఐదు బుడిపెలు. గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉన్నాయి, అంటే పని చేస్తున్నాయి. రెండో ఎకరం దక్కలేదు.

ఆ పచ్చబడిన ఎకరంలో ఆమె పంట కోసింది. చేటలో ఒక మానెడు గింజలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, నేను లోపలి నుంచి వచ్చేలోపే వెళ్లిపోయింది. ఆ గింజలతో ఏం చేసుకోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మా అమ్మ నానబెట్టి గుగ్గిళ్లు చేసింది. మా నాన్న తినలేదు.

మరుసటి ఏడు ఓనరు గోడౌనుకు రేకుల కింద తాటాకు పందిరి వేయించాడు, రెండు ఫ్యాన్లు పెట్టించాడు. నేను అప్పటికి మాచర్లలో ఒక కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పే పనిలో చేరిపోయాను. ఊళ్లో సోయా మళ్లీ ఎవరూ పెట్టలేదు. మా నాన్న పొలం మానలేదు, అరుగు మీద కూర్చోవడం మానేశాడు. సాయంత్రాలు చేలోనే ఉండిపోయి, అందరూ ఇళ్లకు చేరాక వెనక దారిన వచ్చేవాడు. నేను సెలవులకు వచ్చినప్పుడు ఎదురువెళితే నా చేతిలోని సంచి తీసుకుని, కాలేజీలో ఏం పాఠాలు చెబుతున్నావని అడిగేవాడు. కప్ప గురించి, బొద్దింక గురించి చెప్పేదాన్ని. శ్రద్ధగా వినేవాడు. ఇద్దరం వెనక దారినే ఇంటికి వచ్చేవాళ్లం.